చీమును జయించిన శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్

మన పెన్షనర్లు నలుగురు ఒకచోట చేరితే మొదట వచ్చే మాట డి.ఆర్. బకాయిల గురించి, రెండో మాట ఆపరేషన్ల గురించి. ఒకరికి కంటిలో శుక్లం, ఒకరికి హెర్నియా, ఒకరికి ప్రొస్టేటు, మరొకరికి మోకీళ్ల మార్పిడి. ఆసుపత్రిలో కొద్ది రోజులుండి ఇంటికి వస్తున్నాం. కుట్లు విప్పాక మెల్లగా తిరుగుతున్నాం. నవంబరు వచ్చేసరికి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మన కాళ్ల మీద మనమే నడిచి వెళ్తున్నాం. ఇందులో విశేషమేముందని అనిపిస్తుంది. కాని 160 ఏళ్ల కిందట ఐరోపాలోని పేరున్న ఆసుపత్రులలో సైతం కాలు తీయించుకున్నవారిలో దాదాపు సగం మంది తిరిగి ఇల్లు చేరేవారు కాదు. వారిని చంపింది కత్తి కాదు. కత్తి పని పూర్తయ్యాక గాయంలో పుట్టిన కుళ్లు.

ఆ కుళ్లు ఎందుకు పుడుతుందో ఆలోచించి, దాన్ని ఆపే దారి చూపినవారు జోసెఫ్ లిస్టర్. నోరు పుక్కిలించే లిస్టరిన్ సీసా మీద ఉన్నది ఆయన పేరే. 1879లో అమెరికాలో ఆ మందును తయారు చేసినవారు ఆయన మీద గౌరవంతో ఆ పేరు పెట్టుకున్నారు. ఆ మందుతో ఆయనకు వేరే సంబంధం లేదు. ఆయన చేసిన అసలు పని ఆ సీసా కన్నా చాలా పెద్దది. ఆపరేషన్ చేయించుకున్న ప్రతివారూ, చేయించుకోబోయే ప్రతివారూ తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

బాల్యం, చదువు

లిస్టర్ 1827వ సంవత్సరం ఏప్రిల్ 5వ తేదీన లండన్ నగరానికి సమీపంలోని అప్టన్ గ్రామంలో జన్మించారు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ ద్రాక్షసారాయి వ్యాపారి. వృత్తి వ్యాపారమే అయినా ఆయన మనసంతా కటకాల మీద ఉండేది. సూక్ష్మదర్శినిలో బొమ్మ చుట్టూ రంగులు అలుముకుని మసకగా కనిపించే లోపాన్ని సరిదిద్దే మార్గం 1830లో కనిపెట్టి, రాయల్ సొసైటీ సభ్యత్వం పొందారు. తండ్రి ఇంట్లో తయారు చేసిన ఆ పరికరమే కొడుకు జీవితానికి దారి చూపింది. ఇతర పిల్లలు బొమ్మలతో ఆడుకునే వయసులో ఈ పిల్లవాడు కటకం కింద పురుగులనూ ఆకులనూ చూస్తూ పెరిగాడు.

వారిది క్వేకర్ల కుటుంబం. ఆడంబరాలు లేని దుస్తులు, మితభాషణ, సత్యనిష్ఠ ఆ శాఖవారి నియమాలు. ఆ రోజులలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలలో పట్టా కావాలంటే ఇంగ్లండు అధికార మతశాఖను అంగీకరించాలి. అందువల్ల లిస్టర్ మతభేదం పాటించని లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరారు. 1847లో బి.ఎ. పూర్తి చేశారు. ఆ తరువాత మశూచి సోకింది. దాని వెనుకే మనోవ్యాకులత పట్టుకుంది. కొంతకాలం చదువు ఆపి ఊళ్లు తిరిగి తేరుకున్నారు. 1852లో వైద్య పట్టా, శస్త్రవైద్యుల కళాశాల సభ్యత్వం రెండూ సంపాదించారు.

ఆయన విద్యార్థిగా ఉన్న రోజులలోనే, 1846 డిసెంబరు 21న, అదే కళాశాల ఆసుపత్రిలో రాబర్ట్ లిస్టన్ అనే శస్త్రవైద్యుడు ఈథర్ మత్తు ఇచ్చి రోగి కాలు తొలగించారు. ఆ ఆపరేషన్‌ను చూసినవారిలో లిస్టర్ కూడా ఉన్నారని చెబుతారు. మత్తుమందు రావడంతో నొప్పి తీరింది. మరణాలు మాత్రం తగ్గలేదు సరికదా, రోగి కదలకుండా పడుకుంటున్నాడు కనుక వైద్యులు మునుపటి కన్నా ఎక్కువ ఆపరేషన్లు, ఎక్కువసేపు చేయసాగారు. గాయాలు పెరిగాయి. వాటితోపాటు కుళ్లూ పెరిగింది.

ఎడింబరోలో గురువు, గృహిణి

1853లో లిస్టర్ స్కాట్లండులోని ఎడింబరో వెళ్లి అప్పటి ప్రఖ్యాత శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ వద్ద సహాయకుడిగా చేరారు. కొద్దికాలం ఉందామని వెళ్లినవారు అక్కడే స్థిరపడ్డారు. 1856లో సైమ్ కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడారు. ఆమె క్వేకరు కాదు గనుక ఆయనే తమ శాఖను విడిచి ఆమె శాఖలో చేరారు. పెళ్లయ్యాక దంపతులు ఐరోపా యాత్రకు వెళ్లి అక్కడి ఆసుపత్రులన్నీ చూసి వచ్చారు.

ఆగ్నెస్ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. వారికి సంతానం లేదు. ఆమె భర్త ప్రయోగాలలో పాలు పంచుకున్నారు. ఆయన చెబుతుంటే గంటల తరబడి కూర్చుని తేదీల వారీగా నోటు పుస్తకాలు నింపేవారు. ఆ పుస్తకాలలో చాలా భాగం ఆమె చేతిరాతే. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మనకు ఆ శ్రమ విలువ తెలుసు. పని చేసినవాడి పేరు నిలుస్తుంది, రాసిపెట్టినవారి పేరు మరుగున పడుతుంది. కాని రాసిపెట్టకపోతే చేసిన పనికి ఋజువే ఉండదు.

కప్ప కాలిలో కనిపించిన రహస్యం

లిస్టర్ అనగానే అందరూ క్రిములను చంపే మందు గురించే చెబుతారు. ఆయన మొట్టమొదటి పెద్ద పరిశోధన మాత్రం క్రిముల మీద కాదు, గాయపడిన శరీరం ఏం చేస్తుందన్న దాని మీద. దెబ్బ తగిలినచోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. ఇది ఎందుకు జరుగుతుంది? ఆయన కప్ప కాలివేళ్ల మధ్య ఉండే పలుచని చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద పరిచి, దానికి వేడినీరు, ఆవపిండి వంటివి తగిలించి, రక్తనాళాలలో కలిగే మార్పులను గమనించారు. నాళాలు మొదట ముడుచుకుని, తరువాత వెడల్పయి, రక్తకణాలు నాళపు గోడలకు అంటుకుని నిలిచిపోవడం చూశారు. ఈ విషయాలను 1857లో రాయల్ సొసైటీకి సమర్పించారు. 1860లో ఆ సంస్థ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది.

ఆ కణాలు అక్కడ ఎందుకు ఆగుతున్నాయో ఆనాడు ఎవరికీ తెలియదు. తెల్లరక్తకణాలు గాయం వద్దకు పరుగెత్తుకొచ్చి క్రిములతో పోరాడతాయన్న సంగతి బయటపడటానికి ఇంకా పాతికేళ్లు పట్టింది. ఆపరేషన్‌కు శరీరంలోని వ్యాధినిరోధక శక్తి ఎలా స్పందిస్తుందని ఈనాడు జరుగుతున్న పరిశోధనలకు ఆ కప్ప కాలు ఒక తొలి మెట్టు.

గ్లాస్గో వార్డులు

1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్స ఆచార్యులయ్యారు. మరుసటి సంవత్సరం అక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో కొత్తగా కట్టిన శస్త్రచికిత్స విభాగంలో వార్డులు ఆయనకు అప్పగించారు. కొత్త భవనం, మంచి గాలి, వెలుతురు ఉన్నా మరణాలు తగ్గలేదు.

అప్పటి ఆచారాలు వింటే ఈనాడు ఒళ్లు జలదరిస్తుంది. ఆపరేషన్ చేసే వైద్యులు పాత కోటు ఒకటి ప్రత్యేకంగా ఉంచుకునేవారు. దాని మీద రక్తమూ చీమూ ఎంత గట్టిపడి ఉంటే అంత అనుభవజ్ఞుడన్న లెక్క. ఒక రోగి గాయం తుడిచిన స్పాంజితోనే మరో రోగి గాయం తుడిచేవారు. శవాల గదిలో నుంచి నేరుగా ఆపరేషన్ గదికి వచ్చేవారు. చిక్కగా తెల్లగా చీము పడితే అది మంచి చీము, గాయం మానుతున్న గుర్తు అని సంతోషించేవారు. ఆసుపత్రి దుర్వాసనకు కారణం చెడుగాలి అని, గాయం కుళ్లడానికి కారణం గాలిలోని ప్రాణవాయువు అని నమ్మేవారు.

లిస్టర్‌కు ఒక సందేహం వచ్చింది. ఎముక లోపల విరిగి, పైన చర్మం చిట్లకుండా ఉంటే రోగి నిక్షేపంగా కోలుకుంటున్నాడు. అదే ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తే కుళ్లి చనిపోతున్నాడు. రెండింటిలో విరిగింది ఎముకే. తేడా చర్మం. బయటి నుంచి ఏదో లోపలికి వెళ్తోంది. అది ప్రాణవాయువు కాదు, మరేదో ఉండాలి.

1865లో రసాయనశాస్త్ర ఆచార్యుడు థామస్ ఆండర్సన్ ఆయనకు ఫ్రాన్సులోని లూయీ పాశ్చర్ రచనల గురించి చెప్పారు. ద్రవాలు పులియడానికీ కుళ్లడానికీ కారణం కంటికి కనిపించని సూక్ష్మజీవులని పాశ్చర్ నిరూపించారు. గాయం కుళ్లడానికీ అదే కారణమై ఉండాలని లిస్టర్‌కు తోచింది. పాశ్చర్ ద్రవాలను కాచి క్రిములను చంపారు. మనిషి గాయాన్ని కాచలేం కదా. కార్లైల్ పట్టణంలో మురుగునీటి దుర్వాసన పోగొట్టడానికి కార్బాలిక్ ఆమ్లం వాడుతున్నారని ఆయన అంతకుముందే విని ఉన్నారు. మన ఇళ్లలో వాడిన కార్బాలిక్ సబ్బు వాసన గుర్తున్నవారికి ఆ మందు పరిచయమే.

1865 ఆగస్టు 12న జేమ్స్ గ్రీన్‌లీస్ అనే 11 ఏళ్ల పిల్లవాడిని ఆసుపత్రికి తెచ్చారు. బండి చక్రం ఎక్కి ఎడమ కాలి ఎముక విరిగి, చర్మం చిట్లింది. మామూలుగా అయితే కాలు తీసేయవలసిన స్థితి. లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డను గాయం మీద పెట్టి, పైన పలుచని తగరపు రేకు కప్పి, కాలికి బద్దలు కట్టారు. నాలుగు రోజుల తరువాత విప్పి చూస్తే చీము లేదు, వాసన లేదు. ఆరు వారాలకు ఎముక అతుక్కుంది. పిల్లవాడు రెండు కాళ్లతో ఇంటికి వెళ్లాడు.

ఆ మరుసటి రోజే, 1865 ఆగస్టు 13న, ఆస్ట్రియాలోని ఒక మానసిక చికిత్సాలయంలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు గాయం విషమించి మరణించారు. ప్రసవం చేసే వైద్యులు చేతులు మందునీటితో కడుక్కుంటే బాలింతల మరణాలు తగ్గుతాయని 1847లోనే వియన్నాలో చేసి చూపించినవారు ఆయన. తోటి వైద్యులు ఆయన మాట వినలేదు. ఒకరి పోరాటం ముగిసిన రోజుకు ముందు రోజు మరొకరి పోరాటం మొదలైంది. వీరిద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు.

రిజిస్టరు చెప్పిన సాక్ష్యం

1867లో లిస్టర్ తమ అనుభవాన్ని లాన్సెట్ పత్రికలో వరుసగా ప్రచురించారు. చర్మం చిట్లి ఎముక విరిగిన 11 మందిలో 9 మంది అవయవం పోగొట్టుకోకుండా కోలుకున్నారు. ఒకరికి అవయవం తీయవలసి వచ్చింది, ఒకరు మరణించారు. ఆ తరువాత కాళ్లూ చేతులూ తొలగించిన కేసుల లెక్కలు కూడా బయటపెట్టారు. కొత్త పద్ధతికి ముందు, 1864, 1866 సంవత్సరాలలో, 35 ఆపరేషన్లకు 16 మరణాలు. కొత్త పద్ధతి వచ్చాక 1867 నుంచి 1869 వరకు 40 ఆపరేషన్లకు 6 మరణాలు. అంటే నూటికి 46 దాకా ఉన్నది 15కు దిగింది.

ఆయన మీద నమ్మకానికి మరో నిదర్శనం సొంత ఇంట్లోనే జరిగింది. ఆయన సోదరి ఇసబెల్లాకు రొమ్ము క్యాన్సరు సోకింది. అంత పెద్ద ఆపరేషన్ తరువాత బతకడం అరుదని ఇతర వైద్యులు వెనుకాడారు. 1867లో లిస్టర్ తన ఇంట్లోనే, భోజనాల బల్ల మీద, స్వయంగా ఆపరేషన్ చేశారు. తోడబుట్టిన దాని మీద కత్తి పెట్టడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. గాయం శుభ్రంగా మానింది. వ్యాధి తిరగబెట్టే వరకు ఆమె మరో మూడేళ్లు జీవించారు.

ఇన్ని లెక్కలు ఉన్నా వ్యతిరేకత తగ్గలేదు. కనిపించని జీవులు మనుషులను చంపుతాయంటే నవ్వినవారున్నారు. ఇంగ్లండు కన్నా జర్మనీ వైద్యులు ముందుగా ఆయన పద్ధతిని అందుకున్నారు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ మీద కాల్పులు జరిగినప్పుడు వైద్యులు కడగని వేళ్లతో గాయాన్ని మళ్లీ మళ్లీ కెలికారు. జూలై 2న తగిలిన గాయం విషమించి సెప్టెంబరు 19న ఆయన మరణించారు. లిస్టర్ స్వయంగా అమెరికా వెళ్లి తమ పద్ధతిని వివరించి వచ్చిన ఐదేళ్లకు జరిగిన సంగతి ఇది.

కీర్తి, పశ్చాత్తాపం

1869లో లిస్టర్ మామగారి స్థానంలో ఎడింబరో ఆచార్యులయ్యారు. 1871లో విక్టోరియా రాణి చంకలో లేచిన పెద్ద గడ్డను కోసి, రబ్బరు గొట్టం అమర్చి చీము తీశారు. గొర్రె పేగుతో చేసిన దారాన్ని క్రిమిరహితం చేసి, శరీరంలో దానంతట అదే కరిగిపోయే కుట్లుగా మార్చినవారు కూడా ఆయనే. 1877లో లండన్ కింగ్స్ కాలేజీకి వెళ్లారు. అక్కడ మొదట్లో పాఠానికి వచ్చే విద్యార్థులే కరువయ్యారు. ఆయన మాటలతో వాదించకుండా, పగిలిన మోకాలి చిప్పను వెండి తీగతో కుట్టి, చీము పట్టకుండా మాన్పి చూపించారు.

తెలుగు నేలతో కూడా ఈ కథకు ఒక సన్నని పోగు కలుస్తుంది. లిస్టర్ మామగారైన సైమ్ శిష్యపరంపరకు చెందిన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా పనిచేశారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్థిక సహాయంతో 1888, 1889 సంవత్సరాలలో హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు నడిపారు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న ఆయన వాదన తరువాతి పరిశోధనలలో నిలవలేదు గాని, ఆనాడు ప్రపంచ వైద్యులందరి చూపు హైదరాబాదు మీద పడింది.

లిస్టర్ వ్యక్తిత్వంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వేరొకటి ఉంది. గాలిలోని ధూళి ద్వారానే క్రిములు గాయంలో పడతాయని నమ్మి, ఆయన ఆపరేషన్ గదిలో కార్బాలిక్ ఆమ్లాన్ని పిచికారీ చేయించేవారు. ఆ తుంపరలకు వైద్యుల చేతులు పుండ్లు పడేవి, దగ్గు వచ్చేది. గాలి కన్నా చేతులు, పనిముట్లు, గుడ్డలే ఎక్కువ ప్రమాదమని అనుభవం మీద తేలింది. 1887 ప్రాంతంలో ఆయన పిచికారీ మానేశారు. 1890లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వైద్య మహాసభలో, దేశదేశాల వైద్యుల ఎదుట, ఆ పిచికారీని తాను సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని బాహాటంగా ఒప్పుకున్నారు. 63 ఏళ్ల వయసులో, కీర్తి శిఖరాన ఉన్న మనిషి అలా చెప్పడం చిన్న విషయం కాదు.

అప్పటికి రష్యా శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ కొత్త సంగతి బయటపెట్టారు. 1882లో ఇటలీలోని మెస్సీనాలో, సముద్ర నక్షత్రపు పిల్లజీవి శరీరంలో ముల్లు గుచ్చితే, కదిలే కణాలు దాని చుట్టూ మూగడం ఆయన చూశారు. మన రక్తంలోని తెల్లకణాలు కూడా ఇలాగే క్రిములను మింగివేస్తాయని తేల్చారు. లిస్టర్ ఈ సిద్ధాంతాన్ని ఆదరంతో స్వీకరించి, 1896లో లివర్‌పూల్‌లో చేసిన అధ్యక్షోపన్యాసంలో వివరించారు. నలభై ఏళ్ల కిందట కప్ప కాలిలో తాను చూసిన కణాల పని ఏమిటో ఆయనకు అప్పుడు బోధపడి ఉంటుంది. క్రిములను బయటి నుంచి అడ్డుకోవడం వైద్యుని పని. లోపలికి జొరబడిన కొద్దిపాటి వాటిని తుదముట్టించడం శరీరం పని. మందు ఘాటు ఎక్కువైతే క్రిములతోపాటు శరీరపు సైన్యం కూడా నశిస్తుంది. 1914-18 యుద్ధంలో ఆల్మ్‌రోత్ రైట్, అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లోతైన గాయాలలో పోసే ఘాటు మందులు ఇలాగే మేలు కన్నా కీడు చేస్తున్నాయని చూపించారు.

1892లో పారిస్‌లో జరిగిన పాశ్చర్ సప్తతి ఉత్సవంలో లిస్టర్ స్వయంగా పాల్గొని కృతజ్ఞతలు తెలిపారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, ఇటలీ విహారంలో ఉండగా, ఆగ్నెస్ న్యుమోనియాతో కన్నుమూశారు. ఆ తరువాత ఆయన వైద్యవృత్తి దాదాపు విడిచిపెట్టారు. 1895 నుంచి 1900 వరకు రాయల్ సొసైటీ అధ్యక్షులుగా ఉన్నారు. 1897లో ప్రభువు బిరుదు వచ్చింది. 1912 ఫిబ్రవరి 10న వాల్మర్‌లో, 84వ ఏట మరణించారు. రాజులను, మహాకవులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో చోటు లభించేదే అయినా, ఆయన కోరిక ప్రకారం హాంప్‌స్టెడ్ శ్మశానంలో భార్య పక్కనే సమాధి చేశారు.

మనకు ఉపయోగపడే సంగతులు

లిస్టర్ తరువాత వైద్యశాస్త్రం చాలా ముందుకు వెళ్లింది. ఇప్పుడు క్రిములను చంపడం కన్నా అవి దరిచేరకుండా చూడటం మీదే దృష్టి. ఆవిరితో శుద్ధి చేసిన పనిముట్లు, తొడుగులు, కోత పెట్టడానికి కొద్దిసేపు ముందే ఇచ్చే యాంటీబయాటిక్ మందు వచ్చాయి. అంతకన్నా ముఖ్యంగా, ఆపరేషన్ మన వ్యాధినిరోధక శక్తి మీద ఎలా పనిచేస్తుందో తెలిసింది.

ఎంత నేర్పుగా చేసినా ఆపరేషన్ కూడా ఒక గాయమే. కత్తి పడగానే దెబ్బతిన్న కణాలు హెచ్చరికలు పంపుతాయి. ముందు ఒక రకం తెల్లకణాలు, వాటి వెనుక చెత్త ఎత్తివేసే పెద్ద కణాలు అక్కడికి చేరతాయి. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం, వాపు ఉండవచ్చు. ప్రతి జ్వరమూ చీము పట్టినందుకే కాదు. ఇదే సమయంలో మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు కార్టిసాల్ వంటి హార్మోనులను ఎక్కువగా విడుదల చేస్తాయి. ఈ మంట అదుపు తప్పకుండా ఆపే బ్రేకు అది. అయితే ఆ బ్రేకు పడినప్పుడు క్రిములతోనూ, క్యాన్సరు కణాలతోనూ పోరాడే కొన్ని కణాల సంఖ్య, చురుకుదనం కొన్నాళ్లపాటు తగ్గుతాయి. కోత ఎంత పెద్దదైతే ఈ తగ్గుదల అంత ఎక్కువ. చిన్న రంధ్రాల ద్వారా చేసే లాపరోస్కోపీ ఆపరేషన్లలో ఇది తక్కువ. వయసు మీరినవారిలో, మధుమేహం ఉన్నవారిలో, పొగతాగేవారిలో, తిండి చాలక నీరసించినవారిలో కోలుకోవడం మెల్లగా సాగుతుంది.

శరీరాన్ని వెచ్చగా ఉంచడం వంటి చిన్న జాగ్రత్త కూడా ఎంత పనిచేస్తుందో చూడండి. పెద్దపేగు ఆపరేషన్ చేయించుకున్న 200 మందిపై జరిపి 1996లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆపరేషన్ సమయంలో ఒళ్లు చల్లబడనిచ్చినవారిలో నూటికి 19 మందికి గాయం చీము పట్టింది. వెచ్చగా ఉంచినవారిలో అది నూటికి 6 మాత్రమే. చలికి చర్మంలో రక్తప్రసారం తగ్గి, గాయానికి ప్రాణవాయువు అందక, తెల్లకణాల పని మందగించడమే ఇందుకు కారణం.

ఇక మన ఇళ్ల సంగతి. ఆపరేషన్ అయినవారికి పప్పు పెడితే చీము పడుతుందని మన పెద్దలు నమ్మేవారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో నెలరోజులు చారు అన్నం, బ్రెడ్డు ముక్కలతోనే సరిపెడతారు. ఆ నమ్మకం మనవారి మీద ప్రేమతో పుట్టినదే, తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కాని చీము పప్పు వల్ల పడదు, క్రిముల వల్ల పడుతుందని లిస్టర్ నిరూపించి నూరేళ్లు దాటింది. గాయం పూడటానికీ, తెల్లకణాలు తయారు కావడానికీ మాంసకృత్తులు కావాలి. పప్పు, పాలు, పెరుగు, తినేవారికి గుడ్డు, చేప వాటికి ఆధారం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పేగులకు ఆపరేషన్ అయినవారు డాక్టరు చెప్పిన పథ్యమే పాటించాలి. మిగిలినవారు డాక్టరు వద్దనకుండా పప్పు మానేయడం వల్ల నష్టపోయేది ఆ గాయమే.

ఆపరేషన్‌కు ముందు మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి. పంటిలో చీము, మూత్రంలో మంట, చర్మం మీద పుండు ఉంటే దాచకుండా చెప్పాలి. వాటిని మాన్పాకే మోకీళ్ల మార్పిడి వంటివి చేస్తారు. వాడుతున్న మందులన్నిటి జాబితా, ముఖ్యంగా స్టెరాయిడ్ మందులుంటే వాటి వివరం, ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. చుట్టా బీడీ వీలైనంత ముందుగా, కనీసం నాలుగు వారాల ముందు, మానాలి. ఇంటికి వచ్చాక గాయం ఎర్రబడటం పెరిగినా, చీము కారినా, జ్వరం తగ్గకుండా ఉన్నా, తగ్గి మళ్లీ వచ్చినా, పసుపో బూడిదో అద్దకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చూడవచ్చే బంధుమిత్రులకూ ఒక మనవి. మన పలకరింపు రోగికి బలమే. అయితే పదిమంది ఒకేసారి మంచం చుట్టూ చేరడం, మంచం మీద కూర్చోవడం, గాయం చూపించమని కట్టు తీయించడం మేలు చేయవు. జలుబు, జ్వరం ఉన్నవారు ఫోనులో పలకరిస్తే చాలు. వెళ్లినవారు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ చేతులు కడుక్కోవడం కోసమే సెమ్మెల్‌వైస్ అవమానాలు పడ్డారు, లిస్టర్ జీవితమంతా వాదించారు.

గాయాన్ని మాన్పేది శరీరమే. వైద్యుడు ఆ పనికి అడ్డు రాకుండా, మరొకరిని అడ్డు రానీయకుండా కాపలా కాస్తాడు. ఈ సంగతి గ్రహించి, కనిపించని శత్రువుతో పోరాడి, తన పొరపాటును తానే దిద్దుకున్న ఆ మహనీయుడు ఏ దేశంవాడైతేనేం? మన ఒంటి మీద చీము పట్టకుండా మానిన ప్రతి కుట్టు వెనుక ఆయన శ్రమ ఉంది. మన సభ్యులందరూ ఆయురారోగ్యాలతో ఉండాలనీ, ఆపరేషన్ అవసరమైనవారు భయం విడిచి తగిన జాగ్రత్తలతో చేయించుకుని క్షేమంగా ఇల్లు చేరాలనీ కోరుకుంటూ, ఆయన స్మృతికి నమస్కరిస్తున్నాను.